అవ్వ పలకని పేరు

నా ఫోన్‌లో ఒక ఫైలు లేదు. లేని ఆ ఫైలు బరువునే ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. ఫోన్లు మారాయి, నంబరు కూడా ఒకసారి మారింది. కొత్తది కొన్న ప్రతిసారీ పాతదాంట్లోవన్నీ ఇందులోకి ఎక్కించుకుంటూ, అది కూడా ఎక్కుతుందేమో అన్నట్టు కాసేపు చూస్తాను. ఎక్కదు. నేనే చెరిపేశాను కదా. పొరపాటున కాదు. తెలిసి, ఆలోచించి, వేలితో నొక్కి చెరిపేశాను.

ఇది మీకెందుకు చెబుతున్నాను? మీరెవరో నాకు తెలీదు కాబట్టేనేమో. తెలిసినవాళ్ళకు చెప్పబోయి ఆగిపోయాను. ఒక స్నేహితుడికి సగం చెప్తే "ఓస్, ఇంతేనా" అన్నాడు. వాడితో గొడవ పెట్టుకుని, తింటున్న ప్లేటు వదిలేసి వచ్చేశాను. నాకు కోపం ఎక్కువ. ఆ కోపమే లేకపోతే ఈ తప్పు జరిగేది కాదు. కాదు, అలా అనకూడదు. కోపం మీదికి నెట్టేస్తే నేను తప్పించుకున్నట్టే అవుతుంది. చేసింది నేను.

నేను పెరిగింది హైదరాబాదులో. డిగ్రీకి మాత్రం మా నాన్న పట్టుబట్టి కడపలో చేర్పించాడు. మా వాళ్ళది ఆ వైపే. మొదటి ఏడాదంతా అలిగినట్టే గడిపాను. అక్కడి ఎండ, హాస్టల్లో సంగటి, మనుషులు మాట్లాడే తీరు, ప్రతిదాన్నీ వెటకారం చేసేవాణ్ణి. రెండో ఏడు మా సర్ ఒకాయన ఒక పని మొదలుపెట్టాడు. విద్యార్థులూ ఊళ్ళవాళ్ళూ కలిసి ఒక్కో ఊరి పాత పాటలు, పాత పనులు, పండగలు రికార్డు చేయాలి. వాటితో ఒక ఆడియో డాక్యుమెంటరీ చేయాలి. బొమ్మలుండవు. గొంతులే. వినగానే చెయ్యెత్తాను. ఫోన్ ఎప్పుడూ నా చేతిలోనే ఉంటుంది, శబ్దం కోయడం అతికించడం నాకు బాగా వచ్చు. కడపకు వచ్చాక మొదటిసారి నాకు చేతనైన పని ఒకరు అడిగారు.

మాకు ఇచ్చిన ఊరు బద్వేలుకు అవతల ఉంది. మా క్లాసులో హర్ష సొంతూరు అది. హర్ష వాళ్ళ తాత శేషారెడ్డి ఒకప్పుడు ఆ ఊళ్ళో పెద్ద రైతు. తర్వాత ఆ కుటుంబం వ్యాపారాలతో కడపకు వచ్చేసింది. ఊళ్ళో ఇల్లూ, కొంత తోటా మిగిలాయి. మేము దిగింది ఆ ఇంట్లోనే. ఊరి తరఫున మాతో కలిసింది టైలరు మస్తానన్న. ఎవరింట్లో ఏ పెద్దవాళ్ళున్నారో, ఎవరికి ఏ పాట వచ్చో ఆయనే చెప్పేవాడు, ఆయనే తీసుకెళ్ళేవాడు. మొదటి రోజు నన్ను కిందికీ పైకీ చూసి, "ఏమప్పా హైద్రాబాదూ, ఆ ఫోను చేతికి కుట్టిచ్చుకున్యావా ఏంది? నాకు సెప్పింటే గట్టి దారంతో కుట్టిస్తాంటి గదా" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు చుర్రుమంది. సాయంత్రానికి ఆయన నా కోసం శెనక్కాయలు ఉడకబెట్టించి తెచ్చాడు. ఉప్పు కాస్త ఎక్కువైన ఆ శెనక్కాయల రుచి ఇప్పటికీ గుర్తుంది.

ఆ రోజులు నిజంగా బాగుండేవి. ఇది చెప్పకపోతే కూడా అబద్ధమే అవుతుంది. పొద్దున్నే మిద్దె మీద కూర్చుని అందరం ఒకే పళ్ళెంలోంచి జొన్నరొట్టెలూ ఊరిబిండి పచ్చడీ తినేవాళ్ళం. తర్వాత వీధుల్లో పడేవాళ్ళం. నేను చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ముందు నడిచేవాణ్ణి. హెడ్‌ఫోన్స్‌లో ఊరు వేరేగా వినిపిస్తుంది. గొర్రెల మెడగంటలు, బండల మీద చెప్పుల చప్పుడు, ఎక్కడో ఒకావిడ కోడిని తిడుతున్న తిట్లు. నేను ఎగతాళి చేసిన యాసే చెవి పక్కన అంత దగ్గరగా వినేసరికి, అందులో ఒక తూగు ఉందని తెలిసింది. మా నాయనమ్మ గొంతులో ఉన్న తూగే అది. అంతవరకూ నేను పట్టించుకోలేదు.

పుల్లమ్మవ్వ ఇల్లు ఊరి చివర ఉండేది. ఒకటే గది, ముందు కడప బండలు పరిచిన అరుగు. కూతుళ్ళు పెళ్ళిళ్ళై వెళ్ళిపోయారు. ఆమె ఒక్కతే. భర్త ఎప్పుడో పోయాడు. నీళ్ళు తోడే ఇంజన్లు వచ్చి బావి దగ్గర పని పోయాక, తర్వాత్తర్వాత మంగంపేట ముగ్గురాయి గనుల్లోకి పోయి, ఆ దుమ్ము తిని, దగ్గుతో పోయాడని మస్తానన్న చెప్పాడు. గోడ మీద దేవుళ్ళ పటాలున్నాయి, కూతుళ్ళ పెళ్ళి ఫోటోలున్నాయి. ఆయనది మాత్రం లేదు. ఎప్పుడూ దిగలేదట. ఆయన వదిలి వెళ్ళింది ఒకటే: కపిల తోలేటప్పుడు తను కట్టి పాడిన పాట. అది వచ్చిన మనిషి లోకంలో పుల్లమ్మవ్వ ఒక్కతే. ఆ సంగతి నాకు అప్పుడు తెలీదు. తర్వాత తెలిసింది. తెలిసి కూడా చేశాను. అందుకే రాస్తున్నాను.

కపిల అంటే ఎద్దులతో బావిలో నీళ్ళు తోడడం. మోకుకు కట్టిన పెద్ద తోలు బాన బావిలోకి దిగుతుంది. ఎద్దులు వాలులో ముందుకు నడిస్తే బాన నిండి పైకొస్తుంది, కాలవలోకి వొలుకుతుంది. ఎద్దులు వెనక్కి నడిస్తే మళ్ళీ దిగుతుంది. పొద్దంతా అదే. తోలేవాడు పాడతాడు. కాలవ చివర చేలో ఒకరు పార పట్టుకుని, ఒక మడి తడిశాక ఇంకో మడికి నీళ్ళు మళ్ళిస్తారు.

ఆ రోజు పక్కింట్లో పిండి మర ఆడుతోంది. రికార్డింగ్ పాడవుతుందని మస్తానన్న దాన్ని ఆపించడానికి వెళ్ళాడు, వెళ్ళి అక్కడే మాటల్లో పడ్డాడు. హర్ష ఆ పూట రాలేదు. అరుగు మీద నేనూ అవ్వే. మర ఆగింది. నేను ఫోన్ ఆమె ముందు పెట్టాను.

"నేను ఈ ఊరికి కాపరానికొచ్చినప్పుడు కరెంటు ల్యా, ఇంజను ల్యా. తెల్లారకముందే కపిలలు కట్టేటోళ్ళు. గిలక కిర్రుమంటే ఊరికి మెలకువొచ్చేది. ఈ బాయికాడ ఒగరు పాటెత్తుకుంటే, ఆ బాయికాడ ఇంకొగరు అందుకుంటాండ్రి. శేషారెడ్డి బాయికాడ మాది. నేను మడవకాడ పార పట్టుకోని నిలబడ్తాంటి. పాట ఇంటానే తెలిసిపోయేది నాయనా, బాన యాడుండాది, నీళ్ళెప్పుడొస్తాయి అని. కండ్లతో సూడాల్సిన పనే ల్యా."

ఆమె చెబుతుంటే పందొమ్మిది వందల యాభైలు నా హెడ్‌ఫోన్స్‌లోకి దిగాయి. పెళ్ళైన ఏడు బండ్లు కట్టుకుని ఒంటిమిట్ట తిరునాళ్ళకు పోయిందట. అక్కడ బొరుగులూ, ఎర్ర గాజులూ కొనిపెట్టాడట. కొన్నదెవరో చెప్పలేదు. 'కొనిచ్చినాడు' అంది, అంతే. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో అక్కడినుంచి ఎవరో ఆఫీసర్లు జీపులో వచ్చి బావులన్నీ చూసి వెళ్ళారట. జీపు వెనకాల పిల్లలతో పాటు తనూ పరిగెత్తిందట. "పెండ్లైనదాన్నని గూడా మర్సిపోతి" అని నవ్వింది. ఆ తర్వాతే ఇంజను వచ్చింది.

"డుగుడుగుడుగుమని అది కొట్టుకుంటాంటే ఇంగ పాట ఎవురికి ఇనపడ్తాది? ఇనేటోళ్ళు లేకపాయ, పాడేటోళ్ళు లేకపాయ. నేనొగదాన్నే, పొయ్యికాడ, లోపల్లోపల పాడుకుంటా ఉంటి."

పాడమన్నాను. కాసేపు సిగ్గుపడి పాడింది. గొంతు సన్నగా, కాస్త వణుకుతూ ఉంది. కానీ వరస చెదరలేదు.

మబ్బు జూస్తే మొండిది, మన్ను జూస్తే ఎండది,
అడుగునున్న గంగమ్మ అలిగి కూసున్నది,
ఊఁ... ఊఁహుఁ పిలిస్తే గట్టెక్కి వస్తాది,
బాన నిండా నవ్వుకుంటా మడికంతా పారతాది.

మూడో పాదంలో ఒక మాట లేదు. ఆ చోట కూనిరాగం తీసి దాటేసింది.

"అవ్వా, మధ్యలో ఒక మాట మింగేశావు. మళ్ళీ పాడు."

పాడింది. అక్కడికొచ్చేసరికి మళ్ళీ ఊఁహుఁ.

"మర్చిపోయావా?"

"మర్సిపోయేదా? అదెట్ల మర్సిపోతా నాయనా!"

"మరి చెప్పు."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు విసుగొచ్చింది. ఎండ నెత్తికెక్కుతోంది, ఫోన్‌లో చార్జింగు దిగిపోతోంది.

"పోనీ, ఈ పాట కట్టిందెవరో చెప్పు."

"ఒంటిమిట్టలో ఉండాడే, ఆ సామి."

"దేవుడు కాదవ్వా. మనిషి పేరు."

"మనిషినే సెప్తాండా అబ్బోడా. ఒంటిమిట్ట సామే."

'మనిషినే సెప్తాండా' అంది. ఆ మాట హెడ్‌ఫోన్స్‌లో గిన్నె మోగినంత స్పష్టంగా వినిపించింది. విన్నాను, కానీ వినలేదు. ముసలామెకు మతి తప్పింది, పాటను దేవుడి మీదికి తోసేస్తోంది అనుకున్నాను. "సరే సరే" అని రికార్డింగ్ ఆపేశాను.

ఆ ఖాళీని ఏం చేయాలి? హర్షను అడిగాను. వాడు అబద్ధం చెప్పలేదు, వాడికి తెలిసింది చెప్పాడు. "అది మా అబ్బ బాయికాడ పాటప్పా. ఆ బాయి మాది, ఎద్దులు మావి. పాటలో మా అబ్బ పేరు కాకుంటే ఇంకెవురిది ఉంటాది?" అబ్బ అంటే అక్కడ తాత. నాకు సబబుగానే తోచింది. పైగా అవ్వే రికార్డింగ్‌లో అక్కడక్కడా 'శేషారెడ్డి బాయి' అంది. అందులోంచి 'శేషారెడ్డి' వరకు కోశాను. శ్రుతి కొంచెం పెంచాను, కొంచెం సాగదీశాను. ఊఁహుఁ తీసేసి ఆ చోట అతికించాను. 'శేషారెడ్డి పిలిస్తే గట్టెక్కి వస్తాది.' అతుకు తెలియలేదు. ఆమె గొంతే, ఆమె వణుకే. నా పనితనం చూసుకుని నాకే ముచ్చటేసింది. సిగ్గుగా ఉంది రాయడానికి, కానీ ముచ్చటేసింది.

సర్‌కు ఖాళీ సంగతి ముందే చెప్పి ఉన్నాను. ఆయన క్లాసులో అందరి ముందూ అన్నాడు: "ఖాళీ ఉంటే ఖాళీగానే వదిలెయ్. ఆమె ఎందుకు ఆగిందో మళ్ళీ వెళ్ళి అడుగు." నాకు తప్పు పట్టినట్టనిపించింది. లేచి నిలబడి అరిచాను. ముసలావిడ మర్చిపోయింది సర్, నేను కనుక్కుని సరిచేశాను సర్, నా ఎడిటింగ్‌లో తప్పుంటే ఈ పని వదిలేసి పోతాను అన్నాను. ఆయన నా వైపు చూసి, "సరే, నీ ఇష్టం" అన్నాడు. ఆ మాటతో నేను గెలిచాననుకున్నాను.

డాక్యుమెంటరీని ఊళ్ళోనే, బడి ఆవరణలో, అందరికీ వినిపించాలని నిర్ణయించారు. హర్ష వాళ్ళ ఇంటివాళ్ళు షామియానా, స్పీకర్లు, భోజనాలు చూసుకున్నారు. ముందురోజు మధ్యాహ్నం ఇంటికి ఫోన్ చేసి, మా నాయనమ్మకు వినిపించాను. ఆమెది జమ్మలమడుగు వైపు. ఆ యాస వింటే సంతోషపడుతుందని, కోయని అసలు రికార్డింగే పెట్టాను. అంతా విని నాయనమ్మ పకపకా నవ్వింది. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది.

"ఎంత గడుసుదిరా! ఎంత ముద్దుగా సెప్పిందిరా మొగుడి పేరు!"

"మొగుడి పేరా? ఎక్కడ చెప్పింది?"

"ఒంటిమిట్ట సామి ఎవురురా? కోదండరాముడు గదా! ఆయప్ప పేరు కోదండరాముడో కోదండయ్యో అయ్యుంటాది. మొగుడి పేరు నోటితో పలుకుతామా? మీ తాత పేరు నేనెన్నడన్నా పలికినానా? రేషను కార్డుకాడ అడిగితే 'తిరపతి కొండమీదాయన' అంటి. అర్థమైనోడు ఎంకటేసులని రాసుకునె. మా కాలంలో అంతే." కొంచెం ఆగి మళ్ళీ నవ్వింది. "ఆయప్ప గూడా గడుసోడేరా. పెండ్లాం పలకదని తెలిసే, పాటలో తన పేరు పెట్టినాడు. ఆడికొచ్చినప్పుడల్లా ఆమె ఊఁహుఁ అనాల, ఆయప్ప నవ్వాల."

తర్వాత మాట్లాడతానని ఫోన్ పెట్టేశాను.

మా ఇంట్లో అమ్మ నాన్నను పేరు పెట్టే పిలుస్తుంది. మొగుడి పేరు పలకకూడదనే ఆచారం ఒకటుందని నాకు తెలీదు. ఆ మధ్యాహ్నం వరకూ తెలీకపోవడం నా తప్పు కాదేమో. ఆ తర్వాతది? మస్తానన్నకు ఫోన్ చేసి, పుల్లమ్మవ్వ భర్త పేరేంటని ఊరికే అడిగినట్టు అడిగాను. "కోదండయ్య. ఏమప్పా, ఎందుకు?" అన్నాడు. ఏం లేదన్నాను.

కాబట్టి నాకు తెలుసు. ఆ క్షణం నుంచి నాకు తెలుసు. అది ఖాళీ కాదు. ఆయనకూ ఆమెకూ మధ్య ఉన్న సరసం. ఇంజన్లొచ్చి, గనులొచ్చి, ఆయన పోయాక కూడా ఆమె ఆ చోటును అలాగే ఉంచుకుని, పొయ్యి దగ్గర కూర్చుని పాడుకుంటూ వచ్చింది. నేను అందులోకి ఇంకో మనిషిని తెచ్చి కూర్చోబెట్టాను.

సరిచేయడం ఎంతసేపు? అరగంట కూడా పట్టదు. అతుకు తీసి ఊఁహుఁ తిరిగి పెట్టడమే. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా. మరి ఎందుకు చేయలేదు? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నోసార్లు అడిగాను, ప్రతిసారీ ఒక కొత్త జవాబు దొరికేది. హర్ష వాళ్ళు నొచ్చుకుంటారని. వాళ్ళ ఇంట్లో తిన్నామని. ఊళ్ళో ఎవరికి తెలుస్తుందిలే అని. ఇవన్నీ ఉన్నాయి. కానీ అసలుది ఇది: సరిచేస్తే సర్ దగ్గరికి వెళ్ళి, మీరు చెప్పిందే నిజం అనాలి. అందరి ముందూ అరిచాక, ఆ మాట నా నోట్లోంచి రాదు. అంతే. ఒక మనిషి మిగిల్చి వెళ్ళిన ఒకే ఒక్క పాటను, నా రోషం కోసం ఇంకొకరికి రాసిచ్చేశాను.

మర్నాడు ఉదయం బడి ఆవరణ నిండిపోయింది. పుల్లమ్మవ్వను ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. తల నున్నగా దువ్వుకుంది. తన గొంతు స్పీకర్లలోంచి రాగానే రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకుంది. చుట్టూ ఆడవాళ్ళు "అవ్వా, నువ్వేనా!" అని గిల్లుతుంటే చిన్నపిల్లలా ముడుచుకుపోయింది. పాట మొదలైంది. ఆమె పెదాలు కూడా కదులుతున్నాయి, స్పీకర్‌తో పాటే పాడుతోంది. మూడో పాదం వచ్చింది. ఆమె పెదాలు ఊఁహుఁ అన్నాయి. స్పీకర్ 'శేషారెడ్డి' అంది.

చప్పట్లు కొట్టారు. హర్ష వాళ్ళ నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. అవ్వ లేచి, మనుషుల్ని దాటుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"అబ్బోడా, ఈడ నేనేమీ అన్లేదు గదప్పా."

"అన్నావవ్వా."

"లేదు నాయనా. ఈడ నేను ఊరికే రాగం తీస్తి. ఆ పేరు నేను అన్లేదు."

చుట్టూ అందరూ చూస్తున్నారు. సర్ కూడా చూస్తున్నాడు. నాకు మొహం మండింది. నేను చేసిన పని నాకు తెలుసు, ఆమెకు తెలీదు. ఆ సంగతే నాకు ధైర్యమిచ్చింది. ఫోన్‌లో ఆ ఒక్క పాదం మళ్ళీ పెట్టి, ఆమె చెవి దగ్గర ఉంచాను.

"ఇది ఎవరి గొంతు?"

విన్నది. "నా గొంతే."

"మరి? నువ్వే అన్నావు, నువ్వే మర్చిపోయావు."

వెనకనుంచి ఎవరో ఆవిడ, "అవ్వా, సంగటి తిన్న సంగతన్నా గ్యాపకముండాదా!" అంది. జనం నవ్వారు. అవ్వ నవ్వలేదు. ఫోన్ వైపు చూసింది. నా వైపు చూసింది. ఆ చూపులో అనుమానం ఉంటుందేమోనని వెతికాను. లేదు. ఉంటే బాగుండేది. భయం ఉంది. తన మీద తనకే వచ్చిన భయం.

"నా గొంతే గదా," అంది మెల్లగా. "అట్లయితే అనింటా. వయసైపాయ నాయనా."

వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది.

ఆ రోజు సర్ నన్ను ఏమీ అడగలేదు. డాక్యుమెంటరీని కాలేజీ పేజీలో పెట్టారు, అందరూ మెచ్చుకున్నారు. సెలవులకు హైదరాబాదు వెళ్తూ బస్సులో అసలు రికార్డింగ్ తెరిచాను. వినడానికి కాదు. ఎప్పుడైనా ఎవరైనా అడుగుతారేమోనని. 'మనిషినే సెప్తాండా' అన్న మాట ఉన్నది అందులోనే. చెరిపేశాను. బస్సు ఏ ఊరు దాటుతోందో కూడా చూడలేదు.

తర్వాత ఆ డాక్యుమెంటరీ చూపించే హైదరాబాదులో ఉద్యోగం తెచ్చుకున్నాను. ఇప్పటికీ అదే పని, గొంతులు కోయడం, అతికించడం.

మస్తానన్న అప్పుడప్పుడూ ఫోన్ చేసేవాడు. ఒకసారి చాలా సంతోషంగా చేశాడు. "ఏమప్పా హైద్రాబాదూ! నీ పుణ్యాన అవ్వకు మర్సిపోయిన మాట గ్యాపకమొచ్చిందప్పా. ఇప్పుడు పాట నిండుగా పాడతాండాది. శేషారెడ్డి పిలిస్తే అని. బడి పిల్లోళ్ళకు గూడా నేర్పిస్తాండాది!"

నేనేమన్నానో చెప్పనా? "అవునా అన్నా, చాలా సంతోషం" అన్నాను.

అవ్వ నిజంగానే నమ్మిందా? తనే మర్చిపోయానని, మొగుడి పేరు ఆ చోట ఎప్పుడూ లేదని? లేక అంతమంది నవ్వాక ఇంక ఎవరితో వాదిస్తాంలే అని వదిలేసిందా? పొయ్యి దగ్గర ఒక్కతే ఉన్నప్పుడైనా పాత రాగం తీసుకునేదా? ఈ ప్రశ్నలతోనే ఇన్నేళ్ళూ గడిచాయి. రెండింట్లో ఏది తక్కువ పాపమో తేల్చుకోలేకపోయాను. వెళ్ళి అడిగి ఉండొచ్చు. కడపకు బస్సులున్నాయి. వెళ్ళలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆమె పోయిందని మస్తానన్నే చెప్పాడు. రమ్మన్నాడు. ఆఫీసులో పని ఉందన్నాను. అది కూడా అబద్ధమే.

పోయిన వారం, ఊరివాళ్ళూ మా క్లాసువాళ్ళూ ఉన్న పాత వాట్సాప్ గ్రూపులో ఆ ఊరి బడి వీడియో ఒకటి వచ్చింది. పిల్లలు వరసగా నిలబడి ఆ పాటకు ఆడుతున్నారు. ఒకడు బానలా వంగుతాడు, ఒకడు గిలకలా తిరుగుతాడు. ఎంత బాగా ఆడారో. 'శేషారెడ్డి పిలిస్తే' అన్నచోట అందరూ ఒక్కసారి గెంతి చేతులెత్తారు. వాళ్ళ గొంతుల్లో అతుకు లేదు. వాళ్ళకు ఆ పేరే పాట. ఇంకొన్నాళ్ళు ఊరుకుంటే, కోదండయ్య అనే మనిషి ఒక పాట కట్టాడని చెప్పడానికి నేను తప్ప ఎవరూ ఉండరు. ఆ ఒక్కడూ నేనే కావడాన్ని ఏమనాలో తెలీదు.

ఈ రోజు ఆ వీడియో కింద రాశాను. ఇక్కడ నా పేరు చెప్పడం లేదు కానీ అక్కడ నా పేరుతోనే రాశాను. ఈ పాట కట్టింది కపిల తోలిన కోదండయ్య అని. ఆయన భార్య పుల్లమ్మవ్వ ఆ పేరు పలకకుండా పాడిందని. శేషారెడ్డి పేరు అతికించింది నేనని, శేషారెడ్డి ఇంటివాళ్ళకు ఇందులో ఏ పాపమూ తెలీదని. చివర 'అవ్వ మర్చిపోలేదు' అని రాశాను. ఆ రెండు మాటలు రాయడానికే ఎక్కువసేపు పట్టింది.

రుజువు ఏమీ లేదు. చెరిపేశాను కదా. నమ్మితే నమ్ముతారు. హర్ష చూశాడని ఫోన్ చెబుతోంది, ఏమీ రాయలేదు. మస్తానన్న మాత్రం ఒక గొంతు సందేశం పంపాడు. పొడుగ్గానే ఉంది. ఇంకా తెరవలేదు.

అది వినకముందే మీకు రాసేయాలనుకున్నాను. విన్నాక రాస్తే, ఆయన తిట్టి ఉంటే తిట్లకు తగ్గట్టు, ఊరడించి ఉంటే ఊరడింపుకు తగ్గట్టు ఇదంతా దిద్దుకుంటాను. నా చేతుల సంగతి నాకు తెలుసు. క్షమించమని అడగాల్సిన మనిషి లేదు. ఆమె తరఫున క్షమించే హక్కు మస్తానన్నకు లేదు, మీకూ లేదు. చెప్పడం వరకే నాది. చెప్పాను. అంతకన్నా ఏమీ జరగలేదు.

సందేశం ఇప్పుడు వింటాను.